నాన్న తుపాకి, తమ్ముడి తీగ

నిరుడు కార్తీక మాసం చివర్లో ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టుకుంటుంటే తమ్ముడి ఫోను వచ్చింది. మా ఊళ్ళో ఇంటి దగ్గర సిగ్నలు ఉండదు. ఊరి వెనక గుట్ట ఎక్కితేనే మాట్లాడగలం. చీకటి పడేవేళ వాడు గుట్ట ఎక్కాడంటే ఏదో జరిగిందనుకున్నాను.

"అన్నా, నిన్న రేతిరి కూడా పందులొచ్చాయి. కింద సెక్క సోడి సేనంతా దున్నీసినట్టు సేసీసాయి. ఇంక నావల్ల కాదు. ఈ రేతిరి తీగ ఏసెత్తాను" అన్నాడు.

తీగ అంటే ఏమిటో ఏజెన్సీలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కరెంటు లైను నుంచి దొంగతనంగా లాగి చేను చుట్టూ కట్టే బోడి తీగ. నాకు నోట మాట రాలేదు. "నేనొచ్చేదాకా ఏమీ చెయ్యకు" అని మాత్రం అనగలిగాను. ఎసరు దింపేసి బండి తీశాను. ముప్పై కిలోమీటర్ల ఘాటు దారి. ఆ దారి పొడుగునా నాకు నాన్న తుపాకి గుర్తుకొస్తూనే ఉంది. అది ఇంట్లో ఉంటే వాడు తీగ మాట ఎత్తేవాడు కాదు. అది అప్పటికి ఏడాదిన్నరగా పోలీసు స్టేషన్లో చీటీ కట్టించుకుని పడి ఉంది.

ఆ తుపాకి గురించీ ఆ తీగ గురించీ మన పిల్లలకు చెప్పాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

మేము కొండదొరలం. ఒకప్పటి విశాఖ ఏజెన్సీ, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. మాకు కొండవాలులో చోడి, సామ, వలిసె పండుతాయి. ఇంటి వెనక కాస్త పసుపు వేస్తాం. చేను దాటితే అడవే. చోడి వెన్ను పాలు పోసుకునే రోజు నుంచి కోత అయ్యేదాకా ఇంటికొకరు మంచె మీద పడుకోవాలి. అడవిపంది తినేది తక్కువ, తొక్కి పాడుచేసేది ఎక్కువ. ఒక్క రాత్రి కునుకు పడితే ఆరు నెలల కష్టం పోతుంది.

నాన్న తుపాకి కొనాలనుకున్నది 1986లో. నాకప్పటికి ఏడేళ్ళు. ఆయనకు చదువు రాదు. ఊరికి వచ్చే బడిపంతులు చేత అర్జీ రాయించుకున్నాడు. 1959 నాటి ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ ఒకటుంది. నిజంగా పంట కాపలాకే అయితే, మరే అడ్డంకీ లేకపోతే, గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని అది చెబుతుంది. ఈ సంగతి నాకు డి.ఎడ్. చదివే రోజుల్లో తెలిసింది. నాన్నకు ఆ పంతులు ఎప్పుడో చెప్పాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని నాన్న కొండ దిగి ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో లెక్క లేదు. లైసెన్సు పుస్తకం చేతికొచ్చాక అసలు లెక్క మొదలైంది. ఉన్న డబ్బుకు ఏ తుపాకి వస్తుంది?

లైసెన్సు పుస్తకాల్లో తుపాకులకు పొడి అక్షరాలు ఉంటాయి. డి.బి.బి.ఎల్. అంటే రెండు గొట్టాలది, వెనక నుంచి తూటా పెట్టేది. ఎస్.బి.బి.ఎల్. అంటే అలాంటిదే, ఒంటి గొట్టంది. ఎస్.బి.ఎం.ఎల్. అంటే ఒంటి గొట్టం, మూతి నుంచి మందు దట్టించేది. ఇవి కాక రైఫిలు వేరు. రైఫిలు గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఉంటాయి. వాటి వల్ల గుండు గిరగిరా తిరుగుతూ సూటిగా పోతుంది. కిలోమీటరు దాటి కూడా మనిషిని చంపగలదు.

రైఫిలు ఇమ్మన్నా నాన్న తీసుకునేవాడు కాదు. మా దగ్గర ఈ కొండ మీద చేను ఉంటే ఎదుటి కొండ మీద ఇంకో ఊరు ఉంటుంది. గురి తప్పిన గుండు ఎవరి గడపలో పడుతుందో తెలియదు. రాత్రిపూట మంచె మీద నుంచి కనపడేదే ఇరవై ముప్పై అడుగుల దూరం. అంతదాకా రవ్వలు పోతే చాలు. నున్నటి గొట్టంలోంచి వచ్చే రవ్వలు కొంతదూరం పోయేసరికి ఊపు తగ్గి పడిపోతాయి. పంట కాపలాకు అదే మేలు.

రెండు గొట్టాల తుపాకి ధర మా దుక్కిటెద్దుల జత ధర కంటే ఎక్కువ. తూటా పెట్టే ఒంటి గొట్టందైనా, తూటా అయిపోయినప్పుడల్లా విశాఖపట్నం దిగి దుకాణంలో పుస్తకం చూపించి కొనాలి. తూటా ధర, బస్సు చార్జీ, రెండు రోజుల కూలి కలిపితే ఒక్కో దెబ్బ ఎంత పడుతుందో నాన్న వేళ్ళ మీద లెక్కేశాడట. మందు తుపాకికి ఆ బాధ తక్కువ. పైగా అసలు పని చప్పుడే. చప్పుడుకు రవ్వలు అక్కర్లేదు. అలా నాన్న మనసు మందు తుపాకి మీద నిలిచింది.

కొత్తది కొనలేదు. పక్క ముఠాలో లైసెన్సు ఉన్న ఒక ముసలి రైతు చూపు మందగించి అమ్మేస్తానంటే వెళ్ళి చూశాడు. ఇప్పుడు మనవాళ్ళు సెల్‌ఫోను కొనేటప్పుడు పైన రంగు చూస్తారు. నాన్న చెక్క వైపు కన్నెత్తి చూడలేదట. ముందు మందు దట్టించే కడ్డీని గొట్టంలోకి అడుగుదాకా దింపాడు. దాన్నే మేము గజం అంటాం. గజం ఎంతవరకు దిగిందో వేలితో పట్టుకుని బయటికి తీసి, గొట్టం పక్కన ఆనించి చూశాడు. లోపల మందు మిగిలి ఉంటే ఆ కొలత తేడా వస్తుంది. తర్వాత గొట్టం పొడుగునా దారం లాగి పట్టి వంకర ఉందేమో చూశాడు. కళ్ళు మూసుకుని అరచేత్తో గొట్టమంతా నిమిరాడు. ఎక్కడైనా ఉబ్బు తగిలితే అది ఒకప్పుడు రెండుసార్లు మందు దట్టించి కాల్చినదని గుర్తు. అలాంటిది ఎప్పుడో ఒకప్పుడు మొహం మీద పేలుతుంది. ఉబ్బు లేదు. గుర్రాన్ని సగం లాగి వదిలితే జారకుండా నిలిచింది. చెక్క మాత్రం పగిలి ఇనప పట్టీ వేసి ఉంది. దాన్ని చూపించి బేరం తగ్గించాడు.

"గొట్టం దేవుడిచ్చిన ఒళ్ళు, చెక్క మనం తొడుక్కునే చొక్కా. చొక్కా మార్చుకోవచ్చు" అనేవాడు. ఆ ఏడు జీసీసీకి అమ్మిన చింతపండు డబ్బు, ఒక పెయ్యదూడ ధర కలిస్తే ఆ తుపాకి వచ్చింది. ఇద్దరి పుస్తకాల్లోనూ ఆఫీసు వాళ్ళ చేత రాయించుకున్నాకే ఇంటికి తెచ్చాడు.

తెచ్చిన మర్నాటి నుంచి దాన్ని తన ఒంటికి సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. ముసలి రైతు పొడగరి. నాన్న పొట్టి. తుపాకి మడమను మోచేతి మడతలో ఆనించి చెయ్యి చాపితే చూపుడువేలు మీటకు హాయిగా అందాలి. అందకపోతే భుజానికి ఎత్తేటప్పుడు మడమ చంకలో తట్టుకుంటుంది, గురి పక్కకు పోతుంది. నాన్నకు రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువైంది. మేదర వీధిలో రంపం అడిగి తెచ్చి మడమ వైపు చెక్కను రెండు వేళ్ళు కోశాడు. కదలకుండా పట్టుకున్నది నేనే. రంపపు పొట్టు నా కాళ్ళ మీద రాలడం ఇప్పటికీ గుర్తుంది.

కోసిన ముక్కను పొయ్యిలో పెట్టబోతే నాన్న నా చేతిలోంచి లాక్కున్నాడు. "ఉంచు. రేపు నువ్వు నాకంటే ఎత్తు పెరిగితే దీన్ని మళ్ళీ అతికించాల" అన్నాడు. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు.

మడమకు పాత లారీ టైరు ముక్క కోసి మేకులు కొట్టాడు, భుజానికి దెబ్బ తగలకుండా. గొట్టం కొసన గురి చూసే ఇత్తడి పూస అరిగిపోయి వెన్నెల్లో కనపడేది కాదు. గవ్వ పెంకు ముక్కను అరగదీసి లక్కతో అతికించాడు. "తుపాకికి ముక్కుపుడక పెట్టావేటి" అని అమ్మ నవ్వింది. భుజాన వేసుకోవడానికి అడ్డతీగ నారతో తాడు పేనాడు. ఖాళీ గొట్టంలోకి దింపినప్పుడు గజం మూతి దగ్గర ఎక్కడ ఆగుతుందో అక్కడ కత్తితో ఒక గాటు పెట్టాడు. గాటు మూతికి సమంగా ఉంటే తుపాకి ఖాళీ. గాటు పైకి నిలబడితే లోపల మందుంది. చదువురాని ఇంట్లో అందరూ చదవగలిగిన అక్షరం ఆ గాటు ఒక్కటే. అమ్మ చదవగలదు, నేను చదవగలను, ఐదేళ్ళ తమ్ముడు చదవగలడు. మా చిన్నాన్నకు లైసెన్సు లేని నాటు తుపాకి ఒకటుండేది. దానికి అలాంటి గాటు లేదు. ఒకసారి పేలలేదని మరిచిపోయి మళ్ళీ మందు దట్టించాడు. ఆయన ఎడమచేతికి ఇప్పటికీ రెండు వేళ్ళే.

నాన్న ముట్టుకోనిది గొట్టం ఒక్కటే. దాన్ని కోసి పొట్టి చేస్తే మోయడం తేలికని కొందరు చెప్పారు. వినలేదు. లైసెన్సు లేకుండా తుపాకి గొట్టం పొట్టి చేయడం ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం నేరమని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. నాన్న చెప్పిన కారణం వేరు. "పొట్టి గొట్టం దాచుకోడానికి. నాకు దాచుకోవాల్సిన పనేటి?"

ఒక్క దెబ్బ తుపాకి అంటే మళ్ళీ పేలాలంటే నిమిషం పైనే పడుతుంది. చీకట్లో చేతులు వణికితే ఇంకా ఎక్కువ. దెబ్బ తిన్న పంది ఆ నిమిషం మనకు ఇవ్వదు. అందుకే మంచె మీద నాన్న చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: "సెవికి ఇనపడితే సాలదు, కంటికి కనపడాల. కంటికి కనపడితే సాలదు, దాని ఎనకేటుందో తెలియాల."

నాకు పదిహేనేళ్ళప్పుడు, సంక్రాంతి సెలవులకు ముందు ఒక రాత్రి మంచె మీద నాన్న పక్కన ఉన్నాను. చేను అంచున గరగరమని చప్పుడు. వెన్నులు కదులుతున్నాయి. నల్లగా, నేలబారుగా ఏదో. "కొట్టు నాన్నా" అని గుసగుసలాడాను. ఆయన తుపాకి భుజానికి ఎత్తాడు గానీ మీట మీద వేలు పెట్టలేదు. ఎంతసేపో అలాగే ఉన్నాడు. నాకు విసుగొచ్చింది. చివరికి ఆ నల్లటిది నిలబడి దగ్గింది. పక్క చేను అత్త. తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ గుడ్డి దీపం కూడా లేకుండా వంగి వంగి వస్తోంది. నాన్న తుపాకి దించి, "ఒదినా, ఇటు రా, దారి సూపిత్తాను" అన్నాడు మామూలుగా. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఒక్కటే దెబ్బ ఉండడం వల్లే ఆయన అంతసేపు ఆగగలిగాడని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. నాకు తెలిసి నాన్న ఆ తుపాకితో పందిని కొట్టింది మూడుసార్లు. మిగతావన్నీ గాలిలోకే. ఆ మూడూ కూడా చట్టం ఒప్పుకునేవి కావు. పంట కాపలా లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికే గానీ జంతువును చంపడానికి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. ప్రాణానికో పంటకో ముప్పు తెచ్చే అడవిపంది లాంటి జంతువునైనా, అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే 11వ సెక్షన్ కింద కొట్టవచ్చు. మన పోడుకు, చింతచెట్టుకు, తేనెకు హక్కు ఇచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా, సంప్రదాయ హక్కుల్లో వేటను మాత్రం మినహాయించానని స్పష్టంగా రాసుకుంది. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్ళు వేటకు పోవడం, ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేయడం నా చిన్నతనంలో చూశాను. అందులో ఊరంతా కలిసే సంతోషం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఈరోజు ఒక కుర్రవాడు ఆ పేరు చెప్పి పందిని కొట్టి, ఫోనులో ఫోటో తీసి పెడితే, ఆ ఫోటోయే సాక్ష్యమవుతుంది. ఇది తెలిసి ఉండాలి.

చట్టం అందరికీ ఒకేలా లేదన్నదీ తెలిసి ఉండాలి. కర్ణాటకలోని కొడగులో కొడవలకు, జమ్మా భూమి ఉన్నవాళ్ళకు తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్ళు, 2029 దాకా పొడిగించింది. వాళ్ళ పూర్వాచారంలో తుపాకి భాగమన్నది కారణం. వాళ్ళకు ఇచ్చారని నాకు కుళ్ళు లేదు. కానీ మా కొండల్లో తుపాకి అనగానే వేరే లెక్క. 1922 ఆగస్టులో సీతారామరాజు వెంట మనవాళ్ళు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీదికి వెళ్ళింది తుపాకుల కోసమే. అప్పటినుంచీ మా చేతిలో తుపాకి ఉంటే అది పంట కోసమని నమ్మేవాళ్ళు తక్కువ. నాన్న పుస్తకం జేబులో పెట్టుకునే తిరిగేవాడు. ఇటువాళ్ళు వచ్చి అటువాళ్ళకు ఇచ్చావా అని అడిగేవారు, అటువాళ్ళు వచ్చి ఇటువాళ్ళు ఇచ్చారా అని అడిగేవారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పగించి రశీదు తెచ్చుకునేవాడు. మూడేళ్ళకోసారి లైసెన్సు తిరగరాయించడానికి కొండ దిగేవాడు. ఒక్కసారి కూడా గడువు దాటనివ్వలేదు. 2019 సవరణ తర్వాత ఆ గడువు ఐదేళ్ళయింది. అప్పటికి ఆయనకు కొండ దిగే ఓపిక తగ్గింది.

వానాకాలంలో కాల్చిన ప్రతిసారీ మర్నాడు పొద్దున్నే గొట్టాన్ని వేడినీళ్ళతో కడిగేవాడు. మందు మసి తేమను పీల్చుకుని ఒక్క రాత్రిలో తుప్పు పట్టిస్తుంది. కడిగి, గుడ్డతో ఆరబెట్టి, ఆముదం రాసి, పొయ్యి మీద అటకలో పొగ తగిలేచోట ఖాళీగా పెట్టేవాడు. ముప్పై ఐదేళ్ళ పైన ఆ తుపాకి అలా బతికింది.

నాన్న రెండేళ్ళ కిందట పోయాడు. కర్మకాండలయ్యాక అటక మీంచి తుపాకి దించాను. అలవాటుగా గజం దింపి గాటు చూశాను. సమంగా ఉంది, ఖాళీ. ఒక్కసారి భుజానికి ఎత్తి చూశాను. నాకు పట్టలేదు. నేను నాన్నకంటే జానెడు ఎత్తు. బొటనవేలు ముక్కుకు తగిలింది, మెడ ముడుచుకుపోయింది. అప్పుడు గుర్తొచ్చి అటక మీద వెతికాను. గుడ్డలో చుట్టిన ఆ రెండు వేళ్ళ చెక్కముక్క అక్కడే ఉంది. మడమకు ఆనించి చూస్తే పొగ పట్టి రంగు మారింది గానీ రేఖకు రేఖ కలిసింది. ఆయన ఏడేళ్ళ కొడుకు కోసం దాచిన ముక్క నలభై దాటిన కొడుకు చేతిలో కలిసింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ ముక్క అతికించి తుపాకి నేనే తీసుకోవచ్చు. లైసెన్సుదారు చనిపోతే వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చని 2016 ఆయుధాల నియమాలు చెబుతాయి. కానీ మంచె మీద పడుకునేది నేను కాదు. నాకు జీతం వస్తుంది, నేను క్వార్టర్సులో ఉంటాను. పంట లేనివాడికి పంట తుపాకి ఎందుకు? మా అబ్బాయి అడిగాడు, "నాకివ్వు నాన్నా, నల్లరంగు వేయించి దుర్భిణి పెట్టిద్దాం" అని. వాడు మంచె ఎక్కి ఎన్నేళ్ళయిందని అడిగితే మాట్లాడలేదు. చేను దున్నేది తమ్ముడు. ఎత్తులో వాడు అచ్చం నాన్నే. వాడికి ఏ ముక్కా అతికించక్కర్లేదు. నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టి తమ్ముడి పేర దరఖాస్తు పెట్టించాను. లైసెన్సు లేని చేతిలో తుపాకి ఒక్క రోజు ఉన్నా తప్పే కాబట్టి స్టేషన్లో అప్పగించి రశీదు తీసుకున్నాం. దరఖాస్తు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోతూ ఉంది. పందులు మాత్రం దరఖాస్తు చూసి ఆగవు కదా.

నేను ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. అరుగు మీద తీగ చుట్ట ఉంది. తమ్ముడు దాని పక్కనే కూర్చున్నాడు.

"నువ్వు పాఠం సెప్తావని తెలుసు. నీకు ఒకటో తారీకు జీతం వత్తాది. నాకు ఈ సోళ్ళే జీతం" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. వాడన్నది నిజం. పాఠం చెప్పలేదు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడి సంగతి మాత్రం చెప్పాను. ఏడో తరగతిలో ముందు వరసలో కూర్చునేవాడు. లెక్కలు బాగా వచ్చేవి, పద్యం అప్పజెప్పమంటే పారిపోయేవాడు. పందొమ్మిదేళ్ళకు, తెల్లవారకముందు జీలుగు కల్లు దించడానికి పోతూ చేను అడ్డదారిన నడిచాడు. తీగ తగిలింది. ఆ తీగ వేసినవాడు వాడి సొంత మేనమామ. తెల్లారి పంది పడిందేమోనని చూడ్డానికి పోయి మేనల్లుణ్ణి చూశాడు. నేను వెళ్ళేసరికి ఆయన చెట్టుకింద కూర్చుని ఒకటే మాట అంటున్నాడు: "పంది వత్తాదనుకున్నాను మాస్టారూ, పంది వత్తాదనుకున్నాను." కేసయింది. ఊరు ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన చెల్లెలు మాత్రం ఇప్పటికీ ఆ గడప తొక్కదు.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత డప్పు తీశాడు. నేను టార్చి లైటు పట్టుకున్నాను. ఇద్దరం మంచె ఎక్కాం. చిన్నప్పుడు నాన్నకు చెరోపక్కా పడుకున్న మంచె కొయ్యలే. అర్ధరాత్రి దాటాక పందులు వచ్చాయి. డప్పు కొట్టాం, అరిచాం, లైటు వేశాం. పోయినట్టే పోయి పైనుంచి దిగి, మేము పరిగెత్తేలోపు ఇంకో మూల తొక్కేశాయి. ఆ రాత్రి మేము గెలవలేదు. గెలిచామని రాస్తే మన రైతులు నవ్వుతారు.

పొద్దున్న చేను గట్టు మీద కూర్చుని ఒక మాట అనుకున్నాం. నాలుగు చేలవాళ్ళు కలిస్తే, నా జీతంలోంచి కొంత నేను వేస్తే, సోలారు కంచె పెట్టవచ్చు. తర్వాతి నెల పెట్టాం. ఉపాధ్యాయ మిత్రులు దీన్ని తరగతిలో చెప్పవచ్చు. ఇంటి లైను కరెంటు 230 వోల్టులు ఆగకుండా వస్తుంది. పట్టుకున్న చేతి కండ బిగుసుకుపోతుంది, వదిలించుకోలేం. సోలారు కంచె పెట్టె బ్యాటరీ నుంచి సెకనుకు ఒకసారి, సెకనులో చాలా చిన్న భాగంసేపు మాత్రమే దెబ్బ పంపుతుంది. పంది ఉలిక్కిపడి పారిపోతుంది. మనిషి తిట్టుకుని పక్కకు తప్పుకుంటాడు. ఆ సమయానికి తయారైన మంచి పెట్టె మాత్రమే వాడాలి. ఇంటి లైను దానికి తగిలిస్తే అది కంచె కాదు, మళ్ళీ తీగే. కంచె కింద గడ్డి పెరిగి తగిలితే దెబ్బ తగ్గిపోతుంది, వారానికోసారి కోయాలి. ఇది కూడా కాపలాయే. కాపలా లేని పంట మన కొండల్లో లేదు.

తుపాకి గొప్పదని చెప్పడానికి నేనిది రాయలేదు. తుపాకి కొనుక్కోమని అసలే కాదు. నాన్న దాన్ని తన చేతి కొలతకు కోసుకున్నాడు, తన కంటికి పూస పెట్టుకున్నాడు. మీట నొక్కేముందు తన పేరు, తన పుస్తకం, ఎదుటి కొండ మీది ఊరు అన్నీ తలచుకోవాల్సి వచ్చేది. ఒక్కటే దెబ్బ, దానికి జవాబుదారు ఒక్కడే. తీగకు కన్ను లేదు, కొలత లేదు, ఆగడం లేదు. వేసినవాడు ఇంట్లో నిద్రపోతుంటే అది చంపుతుంది. పండులో మందు పెట్టి అడవిలో విసిరే నాటు బాంబూ అంతే. మన కుర్రవాళ్ళు అది తేలికని అటు పోతున్నారు. మీ ఊళ్ళో ఎవరైనా తీగ మాట ఎత్తితే ఆ రాత్రికి వాళ్ళతో మంచె ఎక్కండి. పాఠం చెప్పకండి, పక్కన కూర్చోండి.

తమ్ముడి లైసెన్సు ఇంకా రాలేదు. తుపాకి స్టేషన్లోనే ఉంది. ఎన్నాళ్ళుగా కడగలేదో, గవ్వ పూస ఊడిందో ఉందో తెలియదు. చెక్కముక్క నా బల్ల మీద ఉంది. పిల్లలు అదేమిటని అడిగితే మోచెయ్యి మడిచి కొలవడం నేర్పిస్తుంటాను. ఒక్కొక్కరిది ఒక్కో కొలత వస్తుంది, రాసుకుంటారు.

ఆ రోజు అరుగు మీద ఉన్న తీగ చుట్ట పారేయలేదు. పెరట్లో రెండు పనసచెట్ల మధ్య లాగి కట్టారు. మా మరదలు దాని మీద బట్టలు ఆరేస్తోంది.